స్ట్రీమింగ్‌కు ఎంత, రికార్డులకు ఎంత?

ఇంట్లో సంగీతం వినడానికి డబ్బు ఎక్కడ, ఎంత పెట్టాలన్న విషయమై పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటిని ఈ సంచికకు తీసుకున్నాను. మొదటి ఉత్తరానికి విపులంగా జవాబు రాయవలసి వచ్చింది. మిగిలిన సందేహాల్లో చాలావరకు దానితో ముడిపడినవే.

ప్రశ్న: నా దగ్గర ఒక ఆంప్లిఫయరు, ఒక జత చిన్న స్పీకర్లు ఉన్నాయి. ఫోనును వాటికి బ్లూటూత్ ద్వారా కలిపి, నెలనెలా చందా కట్టే స్ట్రీమింగ్ సేవలో పాటలు వింటున్నాను. ఈ మధ్య ఎల్పీ రికార్డుల మీదికి మనసు పోయింది. కొంత సొమ్ము కూడబెట్టాను. అందులో సగం మంచి స్ట్రీమరుకూ (నెట్ నుంచి పాటను నేరుగా అందుకునే పెట్టె) డాక్‌కూ (అంకెల ధ్వనిని విద్యుత్తుగా మార్చే పరికరం), మిగతా సగం టర్న్‌టేబుల్‌కూ (రికార్డును తిప్పే యంత్రం) రికార్డులకూ కేటాయించాలనుకుంటున్నాను. ఈ పంపకం సబబుగా ఉంటుందా?

జవాబు: సగం సగం అన్న పంపకం చూడటానికి న్యాయంగానే ఉంటుంది కాని, ఈ రెండు మార్గాల స్వభావానికి అది నప్పదు. డిజిటల్ మార్గంలో కొద్దిపాటి ఖర్చుతోనే చెవికి లోపం తెలియని స్థాయి అందుతుంది. ఆ పైన పెట్టే డబ్బు సౌకర్యానికీ, పెట్టె అందానికీ, పేరుకూ పోతుంది. రికార్డుల మార్గం అలా కాదు. ఒక కనీస స్థాయి వరకు ఖర్చు చేయకపోతే పెట్టిన డబ్బంతా వృథా అవుతుంది, ఆ స్థాయి దాటాక కూడా చాలా దూరం వరకు అదనపు ఖర్చుకు తగిన ఫలితం వినిపిస్తూనే ఉంటుంది. అందుచేత పరికరాలకు పెట్టే సొమ్ములో డిజిటల్ వాటా మీరు అనుకున్నదానికన్నా బాగా తక్కువగా, రికార్డుల వాటా బాగా ఎక్కువగా ఉండాలి. అంత వీలుకాకపోతే రికార్డుల వాటా ప్రస్తుతానికి సున్నాగా ఉండటమే మేలు.

డిజిటల్ సంగతి ముందు చూద్దాం. 1982లో సీడీ మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి స్థిరపరచిన ప్రమాణం సెకనుకు 44,100 నమూనాలు (తరంగం ఎత్తును కొలిచిన అంకెలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు. మనిషి చెవికి వినబడే గరిష్ఠ పౌనఃపున్యం, అదీ చిన్న వయసులో, సుమారు 20 కిలోహెర్ట్జ్ కాగా, ఈ ప్రమాణం 22 కిలోహెర్ట్జ్ వరకు ధ్వనిని పట్టుకుంటుంది. అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య దాదాపు 96 డెసిబెల్‌ల అంతరాన్ని ఇముడ్చుకుంటుంది. ఇవాళ పెద్ద స్ట్రీమింగ్ సేవల్లో చాలావరకు ఈ ప్రమాణంలోనో, దీనికి మించిన ప్రమాణంలోనో ధ్వనిని ఏమాత్రం నష్టపోకుండా అందిస్తున్నాయి. ఆపిల్ మ్యూజిక్ 2021లో ఈ లాస్‌లెస్ సదుపాయాన్ని అదనపు రుసుము లేకుండా ఇచ్చింది, స్పాటిఫై 2025లో లాస్‌లెస్ ఇవ్వడం మొదలుపెట్టింది. అంకెల రూపంలో ఉన్న ధ్వనిని విద్యుత్ తరంగంగా మార్చే డాక్ ఒకప్పుడు ఖరీదైన సరుకే. ఇప్పుడు అరచేతిలో ఇమిడే సాదా డాక్‌లో కూడా, అది సరిగా తయారైనదైతే, రొదా వక్రీకరణా చెవికి అందే హద్దుకు దిగువనే ఉంటాయి.

ఈ మాటను నా మీది నమ్మకంతో ఒప్పుకోనక్కరలేదు, పరీక్షించి చూడవచ్చు. మీది ఒకటి, స్నేహితులు ఎవరైనా ఇచ్చింది ఒకటి, రెండు డాక్‌లను ఒకే ఆంప్లిఫయరుకు కలపండి. రెండింటి ధ్వని తీవ్రతనూ వోల్టుమీటరుతో కొలిచి సమానం చేయండి. ఈ మెట్టు దాటవేయకూడదు, ఎందుకంటే అర డెసిబెల్ ఎక్కువ ఉన్న పరికరాన్ని చెవి 'గట్టిగా ఉంది' అని గుర్తించదు, 'బాగుంది' అని గుర్తిస్తుంది. ఆ తరువాత ఏది మోగుతున్నదో మీకు తెలియకుండా మరొకరు మారుస్తూ ఉంటే, మీరు విని రాసుకుంటూ వెళ్ళండి. ఖరీదులో ఎంతో తేడా ఉన్న రెండు డాక్‌ల మధ్య కూడా ఆ కాగితం మీది సమాధానాలు బొమ్మా బొరుసూ వేసినట్లే వస్తే, డబ్బు ఎక్కడ పెట్టనక్కరలేదో మీకే తెలిసిపోతుంది.

మీ ఏర్పాటులో డిజిటల్ వైపు నిజంగా దిద్దవలసింది బ్లూటూత్. లాస్‌లెస్ చందా కడుతూ బ్లూటూత్‌లో వినేవారు తాము కొన్న నాణ్యతలో కొంత దారిలోనే పోగొట్టుకుంటున్నారు, ఎందుకంటే సాధారణంగా వాడే బ్లూటూత్ పద్ధతులు ధ్వనిని మళ్ళీ కుదించే పంపుతాయి. వైఫై ద్వారా నేరుగా పాటను అందుకునే చిన్న స్ట్రీమరు గాని, ఫోనుకు తీగతో తగిలించే డాక్ గాని సరిపోతుంది. దానితోపాటు యాప్ సెట్టింగుల్లోకి వెళ్ళి నాణ్యత గరిష్ఠ స్థాయిలో ఉందో లేదో చూడండి. చందా పెంచుకుని, ఆ ఒక్క మీట నొక్కకపోవడం వల్ల తక్కువ నాణ్యతలోనే వింటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి.

ఇక రికార్డు సంగతి. ఎల్పీని 1948లో కొలంబియా సంస్థ ప్రవేశపెట్టింది. అది నిమిషానికి 33 1/3 చుట్లు తిరుగుతుంది. ఈ వేగం మారదు కాని, ధ్వనిని కోసి ఉంచిన గాడి పొడవు మాత్రం, ఒక్కో చుట్టుకూ, లోపలికి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. బయటి అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల వేగంతో జారిపోతే, చివరి పాట దగ్గరికి వచ్చేసరికి ఆ వేగం 20 చిల్లరకు పడిపోతుంది. అంటే మొదటి పాటలో విశాలంగా పరుచుకున్న తరంగమే చివరి పాటలో సగానికన్నా తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది. ముల్లు మొన మొద్దుగా ఉంటే ఆ సన్నని మలుపుల్లోకి దిగలేదు. గాయని 'స' అన్నచోట, తాళం చిన్నగా మోగినచోట గరగర వినిపించడం అందువల్లనే. శంఖాకారపు మొన కన్నా దీర్ఘవృత్తాకారపు మొన, దానికన్నా సన్నని గీతలా గాడి గోడను తాకే మొన మెరుగ్గా చదవగలవు. షిబాటా అనే పేరుతో ఇప్పటికీ అమ్ముడవుతున్న మొన 1970లలో నాలుగు ఛానళ్ళ రికార్డులు చదవడం కోసం జపానులో రూపొందించినది. రికార్డు మీద పెట్టే డబ్బు శుద్ధతగా ఎక్కడ మారుతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది కూడా.

ముల్లు పట్టుకున్న ఆ కంపనాన్ని కార్ట్రిడ్జ్ విద్యుత్తుగా మారుస్తుంది. సాధారణమైన మూవింగ్ మ్యాగ్నెట్ (కదిలే అయస్కాంతం ఉన్న) కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది మూడు నుంచి అయిదు మిల్లీవోల్టులు మాత్రమే. పైగా గాడిని కోసేటప్పుడు మంద్ర స్వరాలను తగ్గించి, తార స్వరాలను పెంచి కోస్తారు. 20 హెర్ట్జ్ దగ్గర ఈ తగ్గింపు దాదాపు 20 డెసిబెల్‌లు. ఇలా చేయకపోతే మంద్ర స్వరాలకు గాడి వెడల్పు చాలదు, తార స్వరాలు ఉపరితలపు రొదలో మునిగిపోతాయి. ఈ మార్పును తిరగవేసి, బలహీనమైన సంకేతాన్ని పెంచే పని ఫోనో ప్రీఆంప్‌ది. కొన్ని ఆంప్లిఫయర్లలో ఇది లోపలే ఉంటుంది కనుక, వెనకవైపు 'ఫోనో' అని రాసి ఉన్న ద్వారం ఉందేమో చూసి ఆ తరువాతే విడిగా కొనండి. టర్న్‌టేబుల్‌కు ఉన్న డబ్బంతా పోసి కార్ట్రిడ్జ్ దగ్గరా ప్రీఆంప్ దగ్గరా పొదుపు చేయడం ఏనుగును కొని అంకుశానికి వెనకాడటమే.

వీటన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి మీ ఉత్తరంలో లేదు. మీ స్పీకర్లతో మీరు తృప్తిగా ఉన్నారా? స్ట్రీమింగ్ పాటైనా రికార్డు పాటైనా చివరికి వాటి గుండానే, మీ గది గుండానే చెవికి చేరాలి. రెండు స్పీకర్ల మధ్య తేడా, రెండు డాక్‌ల మధ్య తేడాలా వెదికి పట్టుకోవలసింది కాదు, పక్క గదిలో ఉన్నవారికి కూడా తెలిసేది. గది చేసే మార్పు కూడా అంతే పెద్దది. నాలుగు మీటర్ల పొడవున్న గదిలో సుమారు 43 హెర్ట్జ్ దగ్గర గోడల మధ్య ధ్వని నిలబడిపోయి, కొన్నిచోట్ల మంద్ర స్వరం ఉబ్బిపోతుంది, కొన్నిచోట్ల మాయమవుతుంది. స్పీకర్లను మూల నుంచి ముందుకు జరపడం, కూర్చునే చోటును వెనక గోడకు దూరంగా తేవడం, నేల మీద మందమైన తివాచీ పరచడం, ఇవి దాదాపు ఖర్చు లేని పనులు. ఒక సాయంత్రం కూర్చుని వీటిని చేసి చూడకుండా ఏ పరికరమూ కొనవద్దని గట్టిగా చెబుతాను. అది చేశాక కూడా స్పీకర్లు చాలవనిపిస్తే, మీ సొమ్ములో సగానికి పైగా వాటికే పెట్టి, టర్న్‌టేబుల్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోండి.

స్పీకర్లు బాగానే ఉన్నాయనుకుంటే, నా సలహా ఇది. చందా యథావిధిగా కొనసాగించండి. కూడబెట్టిన సొమ్ములో పదో వంతు డిజిటల్ వైపు బ్లూటూత్‌ను వదిలించుకోవడానికి సరిపోవాలి. మూడింట రెండు వంతుల దాకా టర్న్‌టేబుల్, కార్ట్రిడ్జ్, ప్రీఆంప్ మూడింటికీ కలిపి పెట్టండి. మిగిలినది రికార్డులకూ, వాటిని శుభ్రం చేసే సామగ్రికీ, ముల్లు బరువు తూచే చిన్న త్రాసుకూ. ఈ చివరి వస్తువును చాలామంది కొనరు. కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన బరువు సాధారణంగా ఒకటిన్నర, రెండు గ్రాముల మధ్య ఉంటుంది. బరువు తగ్గితే గాడికి మేలని తలచి మరీ తేలికగా పెడితే, ముల్లు గాడిలో నిలవలేక ఎగిరెగిరి పడి, బరువుగా ఉన్నప్పటికన్నా ఎక్కువ హాని చేస్తుంది.

ప్రశ్న: రికార్డులో ధ్వని తరంగం తెగకుండా ఉంటుందనీ, డిజిటల్‌లో అది మెట్లు మెట్లుగా ముక్కలైపోతుందనీ, అందుకే రికార్డు ధ్వనే నిజమైనదనీ మా మిత్రులు గట్టిగా వాదిస్తారు. అదే నిజమైతే స్ట్రీమింగ్ మీద ఖర్చు దండగే కదా?

జవాబు: మెట్ల బొమ్మ చూపించి చెప్పే ఈ వాదన పొరపాటు. నమూనాల మధ్య మెట్లు ఉండవు. పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ వేగంతో నమూనాలు తీస్తే, ఆ హద్దు లోపలి తరంగాన్ని మొత్తంగా, నున్నగా తిరిగి పొందవచ్చునని అమెరికా గణిత శాస్త్రజ్ఞుడు క్లాడ్ షానన్ 1949 నాటి పత్రంలో గణితపరంగా చూపించాడు. డాక్ చివర ఉండే ఫిల్టరు చేసే పని అదే. కొలతల్లో చూస్తే ఎల్పీలోనే పరిమితులు ఎక్కువ. దాని ధ్వని అంతరం 60, 70 డెసిబెల్‌ల ప్రాంతంలో ఉంటుంది. మంద్ర స్వరాలను రెండు ఛానళ్ళకూ మధ్యలోకి తెచ్చి కోయవలసి వస్తుంది. ఒక పక్కన ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు మించితే ధ్వని స్థాయిని తగ్గించక తప్పదు.

అయినా మీ మిత్రులకు రికార్డు నచ్చడం భ్రమ అని నేను అనను. దానికి కారణం మరొకచోట ఉంది. 1990ల నుంచి ఎన్నో ఆల్బములను సీడీ కోసం తయారుచేసేటప్పుడు, పక్క పాట కన్నా గట్టిగా వినిపించాలన్న పోటీలో, మెల్లని ధ్వనులను కూడా పైకి తోసి అంతా ఒకే ఎత్తుకు తెచ్చారు. స్ట్రీమింగ్‌లో ఉన్నది చాలాసార్లు ఆ ప్రతే. అదే ఆల్బమును ఎల్పీ కోసం విడిగా సిద్ధం చేసినచోట, డోలు దెబ్బకు దాని బలం, మౌనానికి దాని నిడివి తిరిగి వస్తాయి. ఆ తేడా నిజమైనదే. కాని అది గాడి గొప్పతనం కాదు, ఆ ప్రతిని సిద్ధం చేసిన ఇంజనీరు చేతి పని. విడిగా సిద్ధం చేయకుండా డిజిటల్ ప్రతినే తెచ్చి గాడిగా కోసిన రికార్డులు కూడా లెక్కలేనన్ని ఉన్నాయి. 2022లో అమెరికాలోని మొబైల్ ఫిడెలిటీ సంస్థ, తాను ఖరీదుగా అమ్మిన రికార్డుల్లో చాలావాటి తయారీలో ఒక డిజిటల్ దశ ఉన్నట్లు ఒప్పుకున్నది. వాటిని విని ఇదే అసలైన అనలాగ్ (అంకెలుగా మారని) ధ్వని అని అంతవరకు మెచ్చుకున్నవారిలో చెవి బాగా పదునైన శ్రోతలు ఎందరో ఉన్నారు. వారి చెవిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. వారికి నచ్చిన ప్రతి నిజంగా మంచి ప్రతే, అందులో డిజిటల్ దశ ఉండటం దాని మంచితనానికి అడ్డు రాలేదు.

కాబట్టి ఏ మాధ్యమం గొప్పదన్న వాదనను పక్కన పెట్టి, మీకు ఇష్టమైన ఆల్బముకు ఏ ప్రతి బాగుందో తెలుసుకోవడానికి సమయం పెట్టండి. ఒక ఆల్బముకు ఎల్పీ ప్రతి, మరొకదానికి పాత సీడీ ప్రతి, ఇంకొకదానికి స్ట్రీమింగ్‌లో కొత్తగా వచ్చిన ప్రతి మేలుగా ఉండవచ్చు. ఇలా ఆల్బము వారీగా తేల్చుకునేవారి డబ్బు వృథా కావడం అరుదు.

ప్రశ్న: స్పీకర్లు లోపలే ఉన్న చిన్న సూట్‌కేసు లాంటి రికార్డు ప్లేయర్ చవకగా దొరుకుతున్నది. ముందు దానితో మొదలుపెట్టి, ఆసక్తి నిలిస్తే పెద్దది కొనుక్కోవచ్చా?

జవాబు: వద్దు. ఈ తరహా ప్లేయర్లలో ఎక్కువగా ఉండేది సిరామిక్ కార్ట్రిడ్జ్. అది గాడి మీద మోపే బరువు మామూలు కార్ట్రిడ్జ్‌కు రెండు మూడు రెట్లు, దాన్ని సర్దుకునే ఏర్పాటు సాధారణంగా ఉండదు. స్పీకర్లు అదే పెట్టెలో ఉండటంతో వాటి అదురు నేరుగా ముల్లుకు చేరుతుంది. చవక స్ట్రీమరు కొంటే ధ్వని కొంచెం తగ్గుతుందేమో గాని, పాటకు ఏమీ కాదు. చవక ప్లేయరు మీరు ప్రేమతో కొన్న రికార్డునే అరగదీస్తుంది. ఆసక్తిని పరీక్షించుకోవడానికి ఇది సరైన సాధనం కూడా కాదు, ఎందుకంటే దాని మీద విని 'రికార్డు అంటే ఇంతేనా' అని విరమించుకున్నవారు రికార్డును నిజంగా విన్నట్లు కాదు.

అంత డబ్బు చేతిలో లేకపోతే, బాగా నిలుపుకున్న పాత టర్న్‌టేబుల్‌ను వెదకండి. 1970లు, 80లలో తయారైన వాటిలో ఇప్పటికీ చక్కగా తిరిగేవి ఉన్నాయి. 1972లో వచ్చిన టెక్నిక్స్ ఎస్ఎల్-1200 తరహా యంత్రాలను 2010లో ఆపివేసి, గిరాకీ చూసి 2016లో మళ్ళీ తయారుచేయడం మొదలుపెట్టారంటే వాటి దృఢత్వం అర్థమవుతుంది. కొనే ముందు టోన్ ఆర్మ్‌ను (ముల్లును మోసే చెయ్యి) వేలితో మెల్లగా కదిపి చూడండి. పైకీ కిందికీ, పక్కకూ ఎక్కడా పట్టకుండా కదలాలి, అలాగని కీలు దగ్గర లొడలొడలాడకూడదు. పళ్ళెం తిరిగే వేగాన్ని ఫోనులోని యాప్‌తో సరిచూడవచ్చు. బెల్టు సాగిపోయి ఉంటే అది సమస్య కాదు, మార్చుకోవచ్చు. పాత ముల్లు ఎలా ఉన్నా అరిగిపోయిందనే లెక్క వేసుకుని, కొత్త ముల్లు ధరను కూడా కలిపి బేరమాడండి.

ప్రశ్న: ఒక కొత్త ఎల్పీ ధరకు కొన్ని నెలల స్ట్రీమింగ్ చందా వస్తుంది. చందాలో కోట్ల పాటలు. అలాంటప్పుడు రికార్డు కొనడాన్ని ఎలా సమర్థించుకోవాలి? కొనాలంటే ఏవి కొనాలి?

జవాబు: ఎల్పీ ధర ఎందుకంత ఉంటుందో ముందు చెబుతాను. ఒక పూత పళ్ళెం మీద గాడిని కోసి, దానికి లోహపు పూత వేసి, దాని నుంచి స్టాంపరు అనే అచ్చును తీసి, వేడి చేసిన ప్లాస్టిక్ ముద్దను అలాంటి రెండు అచ్చుల మధ్య నొక్కాలి. ఆ అచ్చు కూడా కొన్నాళ్ళకు అరిగిపోతుంది. 2020 ఫిబ్రవరిలో అమెరికాలో అపోలో మాస్టర్స్ కర్మాగారం కాలిపోయినప్పుడు, ఆ పూత పళ్ళేలు చేసే పెద్ద సంస్థ ప్రపంచం మొత్తం మీద జపానులో ఒకటే మిగిలింది. గిరాకీ మాత్రం పెరిగింది. అమెరికాలో 2022లో ఎల్పీలు, 1987 తరువాత మొదటిసారిగా, సంఖ్యలో సీడీలను మించి అమ్ముడయ్యాయి. ఇంత చేతి పని, ఇంత ఇరుకు సరఫరా ఉన్నచోట ధర దిగదు.

అందుచేత రికార్డును కొత్త పాటలు తెలుసుకోవడానికి కొనకూడదు. ఆ పని స్ట్రీమింగ్ ఎంతో చవకగా, ఎంతో బాగా చేస్తుంది. నేను పాటించే పద్ధతి ఇది: ఒక ఆల్బమును స్ట్రీమింగ్‌లో మొదటి పాట నుంచి చివరి పాట వరకు, మధ్యలో దాటవేయకుండా, వేర్వేరు వారాల్లో పలుమార్లు వినగలిగితేనే దాని ఎల్పీ కోసం చూస్తాను. ఒకటి రెండు పాటలు మాత్రమే నచ్చిన ఆల్బము ఎల్పీగా అరలో ధూళి పట్టడానికే పనికివస్తుంది, ఎందుకంటే ఆ పాట కోసం లేచి వెళ్ళి, ముల్లును సరిగ్గా ఆ ఖాళీ గీత మీద దింపే ఓపిక నాలుగోసారికి ఎవరికీ ఉండదు. ఎల్పీ ఇరవై నిమిషాల పాటు మనల్ని ఒకచోట కూర్చోబెడుతుంది. అలా కూర్చోవాలనిపించే సంగీతానికే దాన్ని ఉంచుకోవాలి. ఆల్బముగా ఊహించి, వరుసను ఆలోచించి చేసిన సంగీతం అలాంటిది. కచేరీ రికార్డింగులు అలాంటివి. స్ట్రీమింగ్‌లో పాడైపోయిన ప్రతి మాత్రమే దొరికే పాత ఆల్బములు కూడా అలాంటివే.

రికార్డు వైపు మరో బలమైన కారణం ఉంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. చందాలో వినే పాట మీది కాదు. గాయకుడు నీల్ యంగ్ 2022 జనవరిలో తన పాటలను స్పాటిఫై నుంచి తీసివేయించినప్పుడు, ఆయన అభిమానులు చందా కడుతూనే వాటికి దూరమయ్యారు. అవి 2024లో గాని అక్కడికి తిరిగి రాలేదు. హక్కుల ఒప్పందాలు ముగిసి, ఏ ప్రకటనా లేకుండా కనుమరుగయ్యే ఆల్బములు వీటికి అదనం. కాబట్టి లేకపోతే బాధపడతానని మీకు తెలిసిన సంగీతాన్ని ఏదో ఒక రూపంలో సొంతం చేసుకోండి. ఆ రూపం ఎల్పీయే కానక్కరలేదు. వాడిన సీడీలు ఇప్పుడు చాలా చవక, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించుకుంటే ధ్వనిలో ఏమీ పోదు. రికార్డుల మోజులో సీడీని మరిచిపోవడం డబ్బు విషయంలో పెద్ద పొరపాటని నా అభిప్రాయం.

వాడిన ఎల్పీలు కొనేటప్పుడు అట్ట మీద రాసిన నాణ్యత స్థాయిని మాత్రమే నమ్మవద్దు. రికార్డును దీపం కింద వాలుగా పట్టుకుని చూడండి. వెలుగులో మాత్రమే కనిపించే వెంట్రుకవాసి గీతలు తరచుగా వినబడవు, గోరుకు తగిలే గీత మాత్రం ప్రతి చుట్టుకూ టక్కుమంటుంది. చివరి పాట ఉన్న భాగం మిగతా భాగం కన్నా బూడిద రంగుగా, మసకగా కనిపిస్తే, దాన్ని ఎవరో మొద్దు ముల్లుతో చాలాకాలం వాయించారని అర్థం. ఆ అరుగుదలను ఏ శుభ్రతా సరిచేయదు. ధూళి వేరు. తడి పద్ధతిలో కడిగితే పనికిరాదనుకున్న రికార్డు కొత్తదానిలా పాడటం ఎన్నోసార్లు చూశాను. అందుకే శుభ్రం చేసే సామగ్రిని అదనపు ఖర్చుగా కాక, రికార్డుల ఖర్చులో భాగంగానే లెక్క వేయమంటాను.

ముల్లు కూడా నిత్యపు ఖర్చే. దాని రకాన్ని బట్టి సుమారు 500 నుంచి 1,000 గంటలు పనిచేస్తుంది. రోజుకు ఒక గంట వినేవారికి సుమారు పదహారు నెలల నుంచి మూడేళ్ళ లోపు మార్చవలసి వస్తుంది. ఆ డబ్బును ముందుగానే పక్కన పెట్టుకోండి, లేకపోతే అరిగిన ముల్లుతోనే నెట్టుకొచ్చి రికార్డులను పాడుచేసుకుంటారు.

ప్రశ్న: నా స్ట్రీమింగ్ సేవలో 24 బిట్ల, 192 కిలోహెర్ట్జ్ పాటలకు వేరే పెద్ద చందా ఉంది. రికార్డులకు ప్రత్యామ్నాయంగా అది తీసుకోవచ్చా?

జవాబు: ఆ అంకెల కోసం మాత్రమే అయితే అవసరం లేదు. స్పీకర్ల ముందు కూర్చుని వినేటప్పుడు 16 బిట్ల, 44.1 కిలోహెర్ట్జ్ ప్రమాణం చెవి అవసరాలను దాటే ఉంటుంది. 24 బిట్లు రికార్డింగ్ చేసేవారికీ మిక్సింగ్ చేసేవారికీ ఎంతో ఉపయోగం, ఎందుకంటే వారికి పని చేసుకునే వెసులుబాటు కావాలి. అయితే ఆ పెద్ద చందాలోనే మీకు కావలసిన ఆల్బముకు మెరుగైన ప్రతి దొరుకుతుంటే, అంకెలను చూసి కాక ఆ ప్రతి కోసం తీసుకోవడంలో తప్పు లేదు. ఒక నెల తీసుకుని, మీకు బాగా తెలిసిన ఆల్బములను రెండు చందాల్లోనూ పోల్చి విని, తేడా లేకపోతే పాత చందాకు వచ్చేయండి.

ప్రశ్న: టర్న్‌టేబుల్ కొత్తగా కొన్నాను. మామూలు స్థాయిలో చక్కగా పాడుతుంది కాని, కొంచెం పెంచగానే స్పీకర్ల నుంచి హోరుమని ఒక మోత మొదలై పెరుగుతూ పోతున్నది. స్ట్రీమింగ్‌లో ఎంత పెంచినా ఇలా జరగదు. కార్ట్రిడ్జ్ మార్చాలా?

జవాబు: కార్ట్రిడ్జ్‌లో లోపం ఉండకపోవచ్చు. స్పీకరు అదురు బల్ల గుండా టర్న్‌టేబుల్‌కు చేరి, ముల్లు దాన్ని కూడా సంగీతంగా చదివి, ఆంప్లిఫయరు దాన్ని మళ్ళీ స్పీకరుకు పంపుతున్నది. స్పీకర్లూ టర్న్‌టేబులూ ఒకే బల్ల మీద ఉంటే ముందు వాటిని వేరు చేయండి. వేరుగా ఉన్నా మోత ఆగకపోతే, మోటారు తిరగకుండా ఆపి, ముల్లును కదలని రికార్డు మీద ఉంచి, ధ్వనిని చాలా తగ్గించి, బల్లను వేలితో తట్టి చూడండి. స్పీకర్లో ఆ తట్టుడు గట్టిగా వినిపిస్తే లోపం బల్లదే. నేల అదిరే గదుల్లో గోడకు బిగించిన అర మీద టర్న్‌టేబుల్‌ను పెట్టడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. అది కుదరనిచోట బరువైన రాతి పలకను రబ్బరు దిమ్మెల మీద ఉంచి, దాని మీద పెట్టి చూడండి. పలక మట్టంగా ఉందో లేదో నీటి మట్టంతో సరిచూసుకుని, టర్న్‌టేబుల్‌ను జరిపారు కనుక ముల్లు బరువును మరోసారి తూచండి.